కేలరీల లెక్కకు అందని కూరగాయలు

ప్రాథమిక బడుల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆకలితో పాఠం వినే దురవస్థను తప్పించడంలో ఆ ఆదేశం చేసిన మేలు చాలా పెద్దది. అయితే ఆకలి తీరడం వేరు, పోషణ అందడం వేరు. కేంద్ర ప్రమాణం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లల భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. అందుకోసం నిర్దేశించిన 100 గ్రాముల బియ్యంతోనే సుమారు 350 కేలరీలు వచ్చేస్తాయి. 20 గ్రాముల పప్పు, 5 గ్రాముల నూనె కలిస్తే 450 దాటుతుంది, ప్రొటీన్ కూడా ఇంచుమించు సరిపోతుంది. అంటే, ఇవ్వాల్సిన 50 గ్రాముల కూరగాయలు కంచంలో పడకపోయినా కాగితం మీద లోటు కనిపించదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. రేపు ఒకటో తరగతిలో చేరేది ఆ వయసు పిల్లలే. వాళ్లకు కావలసింది ఇంకో గరిటెడు అన్నం కాదు. ఆకుకూర, గుడ్డు, పండు. అందుకే ప్రమాణాన్ని కేలరీలతో కాక, వారంలో ఎన్ని రకాల ఆహారం పిల్లల నోటికి చేరిందన్న దానితో కొలవాలి.

ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం నిజమే. కానీ పప్పు, కూరగాయలు, నూనె, పోపు దినుసులు, గ్యాస్ అన్నింటికీ కలిపి ప్రాథమిక విద్యార్థికి పూటకు కేంద్రం 2025లో లెక్కగట్టినది ఏడు రూపాయలలోపే. ఆ డబ్బుతో పప్పు పలచబడక ఏమవుతుంది? ఆంధ్రప్రదేశ్ వారానికి ఐదు గుడ్లు, రాగి జావ, చిక్కీ చేర్చగలిగిందంటే సంకల్పం ఉంటే దారి ఉన్నట్టే. కానీ అది రాష్ట్రాల దయగా మిగలకూడదు. గుడ్డు, అది తినని పిల్లలకు సమానమైన బదులు, జాతీయ ప్రమాణంలోనే ఉండాలి. పిల్లలు కూరలు ఏరి పారేస్తారన్నది రెండో అభ్యంతరం. పాలకూర, తోటకూర పప్పులో మెత్తగా కలిసి, పైన నిమ్మరసం పడితే ఇష్టంగానే తింటారు, ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది. అంత శ్రద్ధగా వండాల్సిన వంటమనిషికి కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. రుచి కావాలంటే ముందు ఆ అన్యాయాన్ని సరిదిద్దాలి. వంట ఖర్చును కూరగాయల ధరలతో ముడిపెట్టి ఏటా సవరించాలి. పాఠశాల యాజమాన్య కమిటీల్లోని తల్లిదండ్రులు నెలకోసారైనా బడికి వెళ్లి, కంచంలో కూర ఎంతుందో స్వయంగా చూడాలి, లేకపోతే గట్టిగా అడగాలి.