ఫిర్యాదుదారుడే తీర్పరి అయితే?

మన పేటల్లోని క్రీడా క్లబ్బులు, యువజన సంఘాలు చాలావరకు కొద్ది కుటుంబాల చుట్టూ తిరుగుతాయి. అధ్యక్షుని తమ్ముడే జట్టు కెప్టెన్, కోశాధికారి దుకాణం నుంచే బ్యాట్లు, బంతులు. మామూలు రోజుల్లో ఈ దగ్గరితనం క్లబ్బుకు బలమే. ఒక సభ్యునిపై చర్య తీసుకోవలసి వచ్చిన రోజునే చిక్కంతా. ఫిర్యాదు చేసిన పెద్దమనిషే విచారణ సంఘంలో కూర్చుంటాడు, తీర్మానమూ తానే రాస్తాడు. పద్దెనిమిదేళ్ల ఆటగానికి ఒక సీజన్ సస్పెన్షన్ అంటే సెలక్షన్లు చేజారడమే. ఆ ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

‘ఓటు వేసేటప్పుడు లేచి బయటికి వెళ్లాను కదా’ అనే సమాధానం మనం తరచూ వింటుంటాం. అది చాలదని సుప్రీంకోర్టు 1969లోనే క్రైపాక్ కేసులో తేల్చింది. జమ్మూ కశ్మీర్‌లో అటవీ సర్వీసు ఎంపిక మండలిలో సభ్యుడైన ఒక ఉన్నతాధికారి తానూ అభ్యర్థే. తన పేరు వచ్చినప్పుడు తప్పుకున్నాడు, తన పోటీదారుల పేర్లు చర్చించినప్పుడు మాత్రం అక్కడే ఉన్నాడు. కోర్టు ఆ ఎంపికను కొట్టివేసింది. ఆయన నిజంగా పక్షపాతం చూపాడా అని కాదు, చూపడానికి తగిన ఆస్కారం ఉందా అనే కోర్టు అడిగింది.

పెద్ద సంఘాలూ ఇందుకు అతీతం కావు. ఐపీఎల్ బెట్టింగ్ వ్యవహారంలో 2015 జనవరి 22న తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, శిక్ష నిర్ణయించే పనిని క్రికెట్ బోర్డుకు వదలక జస్టిస్ లోధా సంఘానికి అప్పగించింది.

‘అందరూ తెలిసినవారే, బయటివారిని ఎక్కడి నుంచి తెస్తాం?’ అన్నది తోసిపుచ్చదగిన మాట కాదు. ఒక లాడ్జి నుంచి సభ్యుని తొలగింపుపై వచ్చిన దావర్ కేసులో సుప్రీంకోర్టు కూడా, సభ్యులు పరస్పరం ఎరిగిన సంస్థలో న్యాయస్థానపు నిర్లిప్తతను ఆశించలేమని అంగీకరించింది. అయినా నియమావళిని పాటించాలి, సద్బుద్ధితో వ్యవహరించాలి, సభ్యుని వాదన వినాలి అన్నది. పరిచయం వేరు, ప్రయోజనం వేరు. ఫిర్యాదుదారుడు, సాక్షి, రక్తసంబంధీకుడు, వ్యాపార భాగస్వామి విచారణలో కూర్చోరాదని మా అభిప్రాయం. విచారణకు ముందే ప్రతి సభ్యుడూ తన సంబంధాన్ని చెప్పి మినిట్స్‌లో రాయించాలి. తప్పుకున్నవాడు తన స్థానంలో ఎవరుండాలో సూచించరాదు. వాట్సాప్‌లో మంతనాలూ సాగించరాదు (అసలు తీర్పులు ఇప్పుడు అక్కడే కుదురుతున్నాయి!). కోరం చాలకపోతే పొరుగు క్లబ్బు పెద్దనో, విశ్రాంత ఉపాధ్యాయుడినో పిలవవచ్చు. ఆ వీలును తగవు రాకముందే నియమావళిలో చేర్చుకోవాలి. అప్పీలును మళ్లీ అదే ముఖాలు వినడం వృథా.

ఆరోపణ ఎదుర్కొంటున్నవారి తల్లిదండ్రులకు ఒక మాట. అభ్యంతరం ఉంటే మొదటి రోజే రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. ఒక న్యాయవాదిపై క్రమశిక్షణ విచారణకు సంబంధించిన మానక్‌లాల్ కేసు (1957)లో, విచారణ మండలి అధ్యక్షుడు గతంలో ఫిర్యాదుదారుని పక్షాన వాదించినవాడు. అది అభ్యంతరకరమేనని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ ఆ న్యాయవాది సకాలంలో నోరు విప్పలేదు కనుక ఊరట దక్కలేదు. మీ క్లబ్బు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, 23వ సెక్షన్ ప్రకారం వివాదాన్ని జిల్లా కోర్టు ముందుంచవచ్చు. అప్పుడు ఆ సంతకమున్న కాగితమే మీ చేతిలో ఉండాలి.