వంటింటి కబుర్లు: కుండ పేరే కూర పేరు

కిందటి నెల సేమియా గురించి వ్రాసిన మీదట యిద్దరు సోదరీమణులు దాదాపు ఒకే ప్రశ్న పంపారు. పెద్ద దుకాణాల్లో బియ్యపు గింజల ఆకారంలో మాకరోనీ పొట్లాలు వస్తున్నాయట. పిల్లలు ముచ్చటపడి కొనుక్కొచ్చారట. ఉప్మా చేస్తే ముద్ద అయిందట. "దీన్ని యేమి చేసుకోవాలి?" అని వారి ప్రశ్న. దీనికి మంచి జవాబు ఆ గింజను తరతరాలుగా వండుకుంటున్న గ్రీసు దేశపు యిళ్లలో వున్నది. వారు దానిని మాంసంతో, టమాటాతో కలిపి ఒకే పాత్రలో వండుతారు. ఆ వంట పేరు యువేత్సి. యీ నెల కబురు అదే.

ముందు గింజ సంగతి. గ్రీకులు దీన్ని క్రిథరాకి అంటారు. అంటే చిన్న యవగింజ అని అర్థం. యిటలీవారు ఓర్జో అంటారు, వారి భాషలోనూ అది యవలే. తీరా చూస్తే అందులో యవలు లేవు. పేరు యవలది, రూపం బియ్యానిది, సరుకు గోధుమది. కంటి రెప్పమీద లేచే కురుపును కూడా గ్రీకులు క్రిథరాకి అనే అంటారు, ఆకారాన్ని బట్టి. గోధుమపిండి సరుకు కనుకనే బియ్యం లెక్కన నీళ్లు పోసి వదిలేస్తే అడుగంటుతుంది, ముద్దవుతుంది. దానికి కావలసినది ధారాళంగా రసం, మధ్య మధ్య గరిటె, సరియైన సమయంలో దింపే కన్ను.

యిక వంట పేరు. యువేత్సి అన్నది మొదట కూర పేరు కాదు, కుండ పేరు. తుర్కీ భాషలో గువెచ్ అంటే వంటకు వాడే మట్టిపాత్ర. అందులో వండినదానికీ అదే పేరు వచ్చింది. గ్రీకు నోట అది యువేత్సి అయింది. మనం మాత్రం కుండలో వండిన బిరియానీని కుండబిరియానీ అనడం లేదూ!

పూర్వం గ్రీసు పల్లెల్లోనూ, పట్నపు వాడల్లోనూ అన్ని యిళ్లకూ బట్టీ వుండేది కాదు. యింట్లో పొయ్యిమీద మాంసం వుడికించి, పాత్రను వీధిలోని రొట్టెల దుకాణానికి పంపేవారు. తెల్లవారుజామున రొట్టెలు కాల్చిన బట్టీలో వేడి యింకా వుండేది. ఆదివారం చర్చికి పోయి వచ్చేసరికి ఆ వాడలోని పాత్రలన్నీ వరసగా వుడికి వుండేవి. సిఫ్నోస్ అనే ద్వీపంలో శనగలను కూడా యిలాగే వండుతారు. శనివారం సాయంత్రం మట్టిపాత్రలో శనగలు, ఉల్లిపాయ, ఆలివు నూనె, నీళ్లు పోసి బట్టీకి పంపితే, రాత్రంతా మగ్గి ఆదివారం మధ్యాహ్నానికి భోజనంలోకి వస్తుంది.

నాకు యీ వంటలో అన్నిటికన్నా ఆలోచన కలిగించినది ఆ పేరే. గ్రీకులు కొన్ని వందల సంవత్సరాలు ఆటోమాన్ తుర్కుల పాలనలో వున్నారు. 1821లో తిరగబడ్డారు. ఆ తరువాత కూడా రెండు దేశాల మధ్య యుద్ధాలు జరిగాయి. 1923లో లోజాన్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం జనాన్నే మార్పిడి చేసుకున్నారు. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు అటునుండి గ్రీసుకు చేరారు. వారిలో చాలామంది అంతకు ముందే యుద్ధంలో పారిపోయి వచ్చినవారు. 3.5 లక్షల పైచిలుకు ముస్లిములు యిటునుండి తుర్కీకి పోయారు. చూసినది మతాన్నే గాని భాషను కాదు. తుర్కీ తప్ప గ్రీకు రాని క్రైస్తవులు గ్రీసుకు వచ్చారు, గ్రీకే మాట్లాడే క్రీట్ ద్వీపపు ముస్లిములు తుర్కీకి వెళ్లారు. వచ్చిన వూళ్లో వారి మాట పరాయిమాట, వారి వంట పరాయివంట.

1974లో సైప్రస్ మీద తుర్కీ సేన దిగిన తరువాత, అంతవరకు తుర్కీ కాఫీ అంటున్నదానిని గ్రీసులో గ్రీకు కాఫీ అనడం స్థిరపడింది. కాఫీ పేరు మారింది గాని కుండ పేరు మారలేదు. యువేత్సి యువేత్సిగానే వున్నది. పగ వీధిలోకి వచ్చినంత తేలికగా వంటింట్లోకి రాదు కాబోలు.

యిది మనకు తెలియని సంగతి కాదు. మనలో కొందరి పెద్దలు బ్రతుకుతెరువుకు షోలాపురం, బొంబాయి వెళ్లినవారు. కొందరు అసలు కదలనే లేదు, గీతలే కదిలాయి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు బరంపురంవారూ, 1953లో బళ్లారివారూ ఉన్నచోటనే వుండి వేరే రాష్ట్రంవారయ్యారు. మన యిళ్లలో చారు అనేవారు వున్నారు, రసం అనేవారు వున్నారు. ఒక్కొక్క యింట్లో అత్తగారు ఒకటి, కోడలు ఒకటి అంటారు. రెండూ నిజమే. అయితే మన గోంగూర పచ్చడిలో పంచదార వేసి, "మేము బాగు చేశాము" అని యెవరైనా అంటే మనకు యెలా వుంటుంది?

అందుచేత నా మనవి యేమంటే, పరాయివారి వంటను మొదటిసారి వారి పద్ధతిలోనే వండండి. రెండవసారి మీ యిష్టం. యువేత్సిలో పచ్చిమిరప లేదు, ధనియాలపొడి లేదు, అల్లం లేదు. మా ఆవిడ యీ మాట వినగానే "అల్లం వెల్లుల్లి ముద్ద లేకపోతే నీచువాసన రాదా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. రాదు. యెందుకంటే మాంసాన్ని ముందు నూనెలో యెర్రగా వేయిస్తారు. దాల్చినచెక్క పడుతుంది. టమాటా పులుపు, ఉల్లిపాయ తీపి తక్కినపని చూసుకుంటాయి. మా మేనత్తగారు మొదటి ముద్దకు "పత్యపుకూరలా వున్నదిరా" అన్నారు. మూడవ ముద్ద తరువాత మారు వడ్డించమన్నారు.

మాంసం మాట. గ్రీసులో యీ వంటకు గొడ్డుమాంసం వాడతారు, గొర్రెపిల్ల మాంసమూ వాడతారు. రెండూ సంప్రదాయమే. కాబట్టి గొడ్డుమాంసం తినని యింట వేటమాంసంతో చేస్తే అది నకలు కాదు, అసలే. యేది వాడినా మెత్తని ముక్క వద్దు. కాలి పిక్క, జబ్బ వంటి నరం, యెముక వున్న ముక్కలు తీసుకోండి. అవి నిదానంగా వుడికితే వాటి జిగురు రసంలోకి దిగుతుంది. గింజకు రుచి ఆ రసంలోనిదే. ధర తక్కువ ముక్కకే యీ వంటలో గౌరవం యెక్కువ.

ఆరుగురికి కావలసినవి: మాంసం 1 కిలో, పెద్ద ముక్కలుగా. క్రిథరాకి 400 గ్రాములు. ఉల్లిపాయలు 2. వెల్లుల్లి రేకలు 3. బాగా పండిన టమాటాలు 600 గ్రాములు, తురుముకోవాలి. ఆలివు నూనె అర గ్లాసు. దాల్చినచెక్క వేలెడంత ముక్క ఒకటి, లవంగాలు 2, ఆకు 1. వారి ఆకు వేరు, మన బిరియానీ ఆకు వేరు. మనది ఒకటి మించితే దాని వాసనే పైకి వస్తుంది. మిరియాలపొడి, ఉప్పు. వారు ఒక గ్లాసు యెర్ర ద్రాక్షసారా పోస్తారు. అలవాటు లేనివారు మానవచ్చు.

మాంసాన్ని గుడ్డతో తడి లేకుండా అద్ది, నూనెలో కొద్దికొద్దిగా వేయించాలి. అన్నీ ఒకేసారి వేస్తే నీరూరి వుడుకుతాయి గాని వేగవు. యెర్రబడ్డ ముక్కలను తీసి, అదే నూనెలో ఉల్లిపాయలు మెత్తబడేవరకు, తరువాత వెల్లుల్లి వేయించాలి. ముక్కలు, టమాటా, దినుసులు వేసి, మునిగేటట్టు వేడినీళ్లు పోసి, మూతపెట్టి సన్నని మంటమీద వుంచాలి. గొడ్డుమాంసానికి సుమారు 2 గంటలు, వేటమాంసానికి గంటన్నర. కుక్కరు వాడితే త్వరగా అవుతుంది. అయితే రసం పలుచగా వుంటుంది, మూత తీసి కాస్త మరిగించండి.

క్రిథరాకిని ఒక చెంచా నూనెలో దోరగా వేయించితే గింజ గింజకు అంటుకోదు. గింజలు ఒక గ్లాసు అయితే, మాంసం రసంతో కలిపి మూడు గ్లాసుల వేడి ద్రవం వుండాలి. తక్కువైతే వేడినీళ్లు కలపండి. ఓవెన్ వున్నవారు అంతా ఒక పాత్రలో పోసి 180 డిగ్రీల వద్ద 30 నుండి 40 నిముషాలు వుంచి, మధ్యలో రెండుసార్లు కలపాలి. మట్టిపాత్ర అయితే చల్లని ఓవెన్‌లో పెట్టి తరువాత వెలిగించండి. కాలిన పాత్రను తడి బండమీద దింపితే పగులుతుంది. ఓవెన్ లేనివారు అడుగుమందం గిన్నెలో సన్నని మంటమీద, తరచు కలుపుతూ 15, 20 నిముషాల్లో చేసుకోవచ్చు. గ్రీసులోనే కొన్ని ప్రాంతాల్లో పొయ్యిమీద చేసే యీ రకం వంటను మనెస్త్ర అంటారు. పైన కాలిన పొర వుండదు, అంతే తేడా.

అసలు కిటుకు ఆఖర్న వున్నది. యింకా కొంచెం జారుగా వుండగానే దింపాలి. గింజ పళ్లెంలోకి వచ్చేవరకు రసం పీలుస్తూనే వుంటుంది. పది నిముషాలు మూతపెట్టి వుంచి వడ్డించండి. గట్టిపడేవరకు పొయ్యిమీదనే వుంచినవారికి దొరికేది సోదరీమణులు వ్రాసిన ముద్దే. వారు పైన కెఫలొతిరి అనే ఉప్పని గట్టి జున్ను తురుముతారు. యేదైనా గట్టి చీజు వాడవచ్చు, లేకున్నా లోటు లేదు.

మాంసం ముట్టని యిళ్లవారు పైన చెప్పిన సిఫ్నోస్ శనగలను చేసుకోవచ్చు. కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి, తరిగిన ఉల్లిపాయ, ఒక ఆకు, ఉప్పు, ధారాళంగా నూనె వేసి, నీళ్లు పోసి, మట్టిపాత్రలో అతి సన్నని మంటమీద మూడు నాలుగు గంటలు మగ్గనివ్వాలి. తినేటప్పుడు నిమ్మరసం. దీనిలోనూ తాలింపు లేదు. తాలింపు పెట్టాలని చెయ్యి లాగుతుంది, ఒక్కసారికి ఓర్చుకోండి.

కిలో మాంసం ఆరుగురికి చాలదని కొందరు అనుకోవచ్చు. నలుగురికి కూరయ్యే మాంసం, గింజ తోడైతే ఆరుగురికి భోజనం అవుతుంది. అనుకోకుండా ఒక చుట్టం వస్తే ఇంకొక గుప్పెడు గింజలు, ఇంకొక గ్లాసు వేడినీళ్లు. నెలాఖరు రోజుల్లో జీతపురాళ్లు లెక్కపెట్టుకునే యింటికి యింతకన్నా కావలసినదేమిటి? పిల్లలు దీని పేరేమిటని అడిగితే "మాకరోనీ కూర" అని చెప్పకండి. యువేత్సి అని చెప్పండి. అది మొదట ఒక కుండ పేరని కూడా చెప్పండి.