తండ్రి పరుగెత్తిన దారి



శ్రమకాలం మొదలవుతున్న వేళ, దేవునితో తెగిన బంధం మళ్లీ ఎలా కలుస్తుందన్న ప్రశ్న చుట్టూ ఈ సంచికను అల్లాం. ఆ కలయికకు మన బైబిలు వాడే మాట సమాధానం. వాడుక తెలుగులో సమాధానమంటే జవాబు. బైబిలు తెలుగులో అదే మాటకు శాంతి, సఖ్యత అని కూడా అర్థం. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 5వ అధ్యాయంలో పౌలు వాడిన గ్రీకు పదం కటల్లగే. దాని మూలార్థం మార్పిడి. నాణేల మార్పిడికీ ఆ మాటే. పగ పోయి స్నేహం రావడమన్నమాట. అయితే అక్కడ ముందడుగు వేసింది మనిషి కాదు, దేవుడు. తప్పు చేసినవాడే ముందుగా రావాలని పట్టుబట్టే ఇళ్లలో పెరిగిన మనకు ఇది మింగుడుపడటం కష్టమే.

లూకా సువార్త 15వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో, ఇల్లు విడిచిపోయి తిరిగొస్తున్న చిన్న కొడుకు ఇంకా దూరాన ఉండగానే తండ్రి పరుగెత్తాడు. పనివాడిగా పెట్టుకోమని అడగాలనుకున్న మాట ఆ కొడుకు నోట్లోనే ఉండిపోయింది. అంగీ, ఉంగరం, చెప్పులు వచ్చేశాయి. ఈ సంచికకు రాసినవారిలో చాలామంది ఆ పరుగు దగ్గరికే చేరారు.

కానుకను బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుడితో సమాధానపడమన్న యేసు మాటను కూడా ఈ పేజీల్లో వదలలేదు. ఆదివారం తప్పకుండా ఆరాధనకు వెళ్తూ, తోడబుట్టినవారితో ఏళ్లుగా మాటల్లేనివారు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. లూకా కథలో తమ్ముడి మీద అలిగి గుమ్మం బయట కోపంగా నిలబడిన పెద్ద కొడుకు కోసం కూడా తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అతను లోపలికి వెళ్లాడో లేదో లూకా చెప్పలేదు. మా చివరి వ్యాసం ఆ గుమ్మం దగ్గరే ఆగింది.