గృహవిజ్ఞానము: మ్రోడుపై ముంజెలు



కృష్ణపట్నమువంటి నెల్లూరు తీరపుటూళ్లకు పెద్దవానలు ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. ఆ దినములలో పెరటి నీడను పడియున్న మామిడి మొద్దును తిరుగవేసి చూడుడు. ఒక్కొక్కచో తాటిముంజెవలె వణకు బుడిపెలు, మనిషి చెవిని బోలిన గోధుమవన్నె తమ్మెలు కానవచ్చును. ఇవియు పుట్టగొడుగులే, గొడుగు ఆకారము లేదు, అంతియే. తేమగల కొండయడవులలో కూలిన మ్రాకులపై ఇవి గుంపులుగా పెరుగును.

ఎండ కాసిన ఇవి ఉల్లిపొరవలె ముడుచుకొనిపోవును. చచ్చినవని తలంతుము. వాన పడిన కొన్ని గంటలకే నీరు పీల్చి మరల ఉబ్బును. చచ్చిన కొయ్యను కుళ్లించి మట్టిలో కలుపుట వీని పని. ఈ పని చేయువారు లేనిచో అడవిలో అడుగు పెట్ట చోటుండదు.

ఇంతకు ఈ సంగతి యేల? 2021 మే నెలలో కోవిడు నాటుమందుకై కృష్ణపట్నమునకు వేలకొలది జనము వచ్చిచేరిరి. ఆ దినములలోనే కోవిడునుండి కోలుకొన్న కొందఱికి 'బ్లాక్ ఫంగస్' సోకి కన్ను తీయవలసివచ్చెనను వార్తలు ఇల్లిల్లును వణికించినవి. చీనావారు వంటలో వాడు ఎండిన చెవిపుట్టగొడుగును గూడ వర్తకులు బ్లాక్ ఫంగస్ అనియే అందురు. పేరొక్కటియే గాని తెగలు వేఱు. ఆ రోగమును కలిగించునది మట్టిలోను, కుళ్లిన ఆకులలోను ఉండు మ్యూకర్ తెగ బూజు. మధుమేహము అదుపులో లేనివారికిని, స్టీరాయిడ్లు ఎక్కువగా వాడినవారికిని దానివలన అపాయము. చెవిపుట్టగొడుగు ఆ రోగమును తేదు. పిల్లలు మొద్దును తాకిరని కేకలు వేయనక్కఱలేదు. చేతులు కడిగించిన చాలును.

తినుటమాట వేఱు. చీనావారు దీనిని తరతరములుగా సాగుచేసి తినుచున్నారు గదా యని మన పెరటిదానిని కూరలో వేయరాదు. వెండి నాణెము నల్లబడనిచో విషము లేదను మాట వట్టిది. కొన్ని పుట్టగొడుగుల విషము ఎంత ఉడికించినను చావదు. వాంతులు తగ్గి, రోగి తేఱుకొన్నట్లు కనబడిన పిమ్మట కాలేయమును చెఱచును. అట్టివి తిన్నట్లు అనుమానము కలిగిన, వాంతులకై ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

అంగడిలో కొన్న ఎండుచెవులకును ఒక జాగ్రత్త కలదు. గంట, రెండు గంటలు నానిన చాలును. వెచ్చని వంటింట రేయుంబవళ్లు నాననిచ్చినచో ఒకానొక సూక్ష్మజీవి చేరి విషము పుట్టింపవచ్చును. అదియు ఉడికించిన పోదు. చీనాదేశమున దీనివలన మరణములు కలిగినవి. నానగా మిగిలినదానిని, వాసన లేదు గదా యని మఱునాటికి ఉంచక, పాఱవేయుడు.