అత్తగారి చేతిలో పని లాక్కోకండి

“ఇంకా మీకెందుకత్తయ్యా ఈ శ్రమ? హాయిగా కూర్చోండి, అన్నీ నేను చూసుకుంటానుగా!” - ఈ మాట ఎంతో ప్రేమగా అంటాం. కోడలు బంగారం అని ఇరుగుపొరుగులు మెచ్చుకుంటారు కూడా. కానీ నలభై ఏళ్ళు ఆ ఇంటి పోపుల పెట్టె తన చేతిమీద నడిపిన మనిషికి ఆ “హాయి” ఎలా ఉంటుందో ఆలోచించామా? పొద్దున్నే లేస్తే తన కోసం ఎదురుచూసే పని ఒక్కటీ లేకపోవడం విశ్రాంతి కాదు. అది మనసుకే కాదు, మెదడుకీ మంచిది కాదని పరిశోధనలు చెబుతున్నాయి.

అమెరికాలోని షికాగోలో రష్ యూనివర్సిటీ పరిశోధకులు 1997లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. పెద్ద వయసువాళ్ళ జ్ఞాపకశక్తిని ఏటేటా పరీక్షించడం వాళ్ళ పని. జీవితానికి ఒక అర్థం, ఒక గమ్యం ఉన్నట్టు అనిపిస్తోందా అని కూడా అడిగారు. అప్పటికి మతిమరుపు జబ్బు లేని 900 మందికి పైగా వృద్ధుల్ని గమనించి, డాక్టర్ పెట్రీషియా బాయిల్ బృందం 2010లో ఫలితాలు ప్రకటించింది. బతుక్కి ఒక లక్ష్యం ఉందని గట్టిగా నమ్మినవాళ్ళు, అలాంటిదేమీ లేదనుకున్నవాళ్ళ కంటే అల్జీమర్స్ జబ్బు రాకుండా ఉండే అవకాశం సుమారు 2.4 రెట్లు ఎక్కువట!

2012లో వెలువడిన ఫలితం ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. చనిపోయాక తమ మెదడును పరిశోధనకు ఇవ్వడానికి వీళ్ళంతా ముందే ఒప్పుకున్నారు. అలా 246 మంది మెదడుల్ని పరీక్షించారు. అల్జీమర్స్‌లో మెదడులో కొన్ని ప్రొటీన్లు గడ్డలుగా, చిక్కుముళ్ళుగా పేరుకుంటాయి. లక్ష్యం ఉన్నవాళ్ళలోనూ ఈ మార్పులు ఉన్నాయి. కానీ అంతే చెడిపోయినా, వాళ్ళ జ్ఞాపకశక్తి, ఆలోచన అంతగా దెబ్బతినలేదు. పెద్ద రోడ్డు మూసేస్తే సందుగొందుల్లోంచి ఇంటికి చేరినట్టు, వాళ్ళ మెదడు వేరే దారులు వెతుక్కుని ఉంటుందని అనుకోవచ్చు.

అలాగని లక్ష్యం ఒక్కటే జబ్బును ఆపేస్తుందని చెప్పలేం. జబ్బు పైకి కనబడకముందే మనిషిలో ఆసక్తిని తగ్గించి ఉండవచ్చు కూడా. అయినా ఖర్చు లేని, చేటు చెయ్యని ఈ మందును వాడి చూడడానికి అభ్యంతరమేముంది?

లక్ష్యం అనగానే ఏవో ఘనకార్యాలు అనుకోకండి. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు అమెరికాలోనే ఒక వృద్ధాశ్రమంలో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తులోవాళ్ళకి మొక్కలిచ్చి, పెంచే బాధ్యత మీదే అన్నారు. గది ఎలా సర్దుకోవాలో కూడా వాళ్ళనే నిర్ణయించుకోమన్నారు. రెండో అంతస్తులోవాళ్ళకీ మొక్కలిచ్చారు, కానీ నీళ్ళు నర్సులే పోశారు. మూడు వారాలకి మొదటివాళ్ళు రెండోవాళ్ళ కంటే హుషారుగా, చురుగ్గా కనిపించారు. తేడా మొక్కలో లేదు. “ఇది నాది, నేను చూసుకోవాలి” అనుకోవడంలో ఉంది.

మన ఇళ్ళల్లో ఇదెంత సులువు! ఆవకాయ కలిపేటప్పుడు కారం, ఉప్పు, ఆవపిండి పాళ్ళు అత్తగారినే చెప్పనివ్వండి. చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమని ఇవ్వడమే కాదు, వాటితో ఏ కూర చెయ్యాలో కూడా ఆవిడనే అడగండి. పాలలెక్క, పెరట్లో కరివేపాకు మొక్క, మనవరాలికి ఎక్కాలు - ఏదో ఒకటి పూర్తిగా ఆవిడదిగా ఉండనివ్వండి. చేతులు వణికి కాస్త ఒలికితే ఒలకనివ్వండి. తరవాత తుడుచుకోవచ్చు.

అయితే ఒక మాట. పని అంటే చాకిరీ కాదు. పసిపిల్లల్ని పొద్దస్తమానం ఆవిడకి అప్పగించి, “మీకూ కాలక్షేపం” అనడం న్యాయం కాదు. ఆవిడకి ఇష్టం ఉండాలి, ఓపిక ఉండాలి, వద్దనే హక్కూ ఉండాలి.

ఇంకొక ముఖ్య విషయం. అడిగిందే పదేపదే అడుగుతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నా, ఎప్పుడూ చేసే వంట క్రమం మరిచిపోతున్నా, “వయసు కదా” అని ఊరుకోకండి. డాక్టరుకి చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తగ్గడం, మనోవ్యాకులత వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. బి.పి., షుగర్ అదుపులో ఉంచడం, వినికిడి తగ్గితే మిషన్ పెట్టించడం కూడా మెదడుకి మేలు చేస్తాయి.

ఇక మన సంగతి. పిల్లలు చదువులకీ, ఉద్యోగాలకీ, పెళ్ళిళ్ళయీ వెళ్ళిపోతే, వాళ్ళ టిఫిన్ డబ్బాల చుట్టూనే తిరిగిన మన రోజు ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. “పిల్లలే నా లోకం” అన్న మాట అప్పుడు బరువవుతుంది. అంతవరకూ ఆగకుండా నలభైల్లోనే మనదంటూ ఒకటి మొదలుపెడదాం. వదిలేసిన సంగీతమో, కుట్టుపనో, పక్కింటి పనిమనిషి కూతురికి సాయంత్రం ఒక గంట తెలుగు వాచకం చదివించడమో! మీరు రాకపోతే “ఆంటీ ఇవాళ రాలేదేం?” అని అడిగే మనిషి ఒక్కరున్నా చాలు. వారానికి రెండు సాయంత్రాలు కేటాయించి చూడండి. ఏం మొదలుపెట్టారో మాకూ రాయండి.