మాత్ర వేసుకుంటున్నా బరువెందుకు తగ్గదు?

కిందటి సెప్టెంబరులో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. హెర్న్‌డన్‌లో ఉన్న సుఖం ఏమిటంటే డల్లెస్ విమానాశ్రయం పక్కనే, ఎవరొచ్చినా పది నిమిషాల్లో వెళ్ళి తీసుకురావచ్చు. మూడేళ్ళ తర్వాత చూసుకుంటున్నాం. చక్రాల కుర్చీలో బయటికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఏమే, ఇంత లావైపోయావేంటే? మందు వేసుకోవట్లేదా?" అంది.

"వేసుకుంటున్నానమ్మా."

"మరి?"

ఆ "మరి?"కి జవాబు చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ నెల అదే రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట పడే ఉంటారు. 2013లో అచ్చయిన ఒక సర్వేలో హైదరాబాదుతో కలిపి మన దేశంలో ఎనిమిది నగరాల్లో ఐదు వేలమందికి పైగా పెద్దవాళ్ళకి రక్తపరీక్షలు చేస్తే, నూటికి దాదాపు పదకొండుమందికి థైరాయిడ్ మందకొడిగా ఉన్నట్టు తేలింది. అందులో కొందరికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. మన పాట్‌లక్కుల్లో వంటింటి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళని లెక్కపెడితే ఆ సర్వే అక్కర్లేదనుకోండి.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే ఆవకాయ, కందిపొడి, పిల్లలకి అరిసెలు, వాటి మధ్య పాత చీరలో చుట్టిన ఆరు సీసాల థైరాయిడ్ మాత్రలు. మూడు ఆవిడకి, మూడు నాకు. ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది. అమ్మకి ఉంది, నాకుంది, మా చెల్లికీ ఈమధ్యే మొదలైంది.

నాకు బయటపడింది 2016లో, రెండోవాడు పుట్టిన ఏడాదికి. అంతకు ముందు ఎనిమిది నెలలుగా లక్షణాలన్నీ ఉన్నాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో కారణం నా దగ్గర సిద్ధంగా ఉండేది. జుట్టు ఊడుతోందా, ఇక్కడి నీళ్ళు పడలేదు. చర్మం బీటలు వారుతోందా, ఇంట్లో హీటరు. చలి వేస్తోందా, వర్జీనియాలో జనవరి, వెయ్యదా మరి. నీరసమా, ఇద్దరు చిన్నపిల్లలు. బయటి దేశంలో ఉన్నవాళ్ళకి ఇదో చిక్కు, ఒంట్లో ఏ తేడా వచ్చినా దేశం మీదికి నెట్టేయొచ్చు. చివరికి మావారు మూడు వారాలపాటు "గొంతు బొంగురుపోయింది, జలుబు చేసిందా?" అని అడిగి అడిగి, ఆయనే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు. టి.ఎస్.హెచ్. 14 వచ్చింది. మామూలుగా 0.4 నుంచి 4 మధ్య ఉండాలి.

ఈ అంకె చూసి చాలామంది తికమకపడతారు, నేనూ పడ్డాను. ఎక్కువ వచ్చిందంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని అర్థం కాదు. టి.ఎస్.హెచ్. థైరాయిడ్‌లో పుట్టదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పంపిస్తుంది. అన్నానికి రమ్మని పిల్లాణ్ణి పిలిచే తల్లిలాంటిది. పిల్లాడు పలక్కపోయేకొద్దీ ఆవిడ గొంతు పెరుగుతుంది. 14 అంటే ఆవిడ వీధి చివరిదాకా వినపడేలా అరుస్తోందన్నమాట. నా విషయంలో పిల్లాడు పలక్కపోవడానికి కారణం హషిమోటో జబ్బు. మన రక్షణ వ్యవస్థే మన థైరాయిడ్ మీద పడి దాన్ని నెమ్మదిగా పాడుచేస్తుంది. హకారు హషిమోటో అనే జపాను డాక్టరు నలుగురు ఆడవాళ్ళలో దీన్ని గమనించి 1912లో రాశాడు. ఉప్పులో అయోడిన్ తక్కువైతే వచ్చే జబ్బు వేరు, ఇది వేరు. అందుకే "అయోడిన్ కోసం సముద్రపు నాచు మాత్రలు వేసుకో" అని ఎవరైనా చెబితే వినకండి, హషిమోటో ఉన్నవాళ్ళకి అతిగా అయోడిన్ పడితే ఇంకా చెడిపోవచ్చు. అలాగని ఫ్యాషన్‌గా ఉందని ఇంట్లో ఉప్పంతా గులాబీ రంగు హిమాలయ ఉప్పుకి మార్చేయడం కూడా తెలివైన పని కాదు. ఈ దేశంలో అయోడిన్ కలపాలన్న చట్టం లేదు, సీసా మీద రాసి ఉందో లేదో చూసుకుని కొనాలి.

సరే, బరువు సంగతి. అప్పటికి నేను 22 పౌండ్లు పెరిగాను. జబ్బు పేరు వినగానే, నిజం చెప్పొద్దూ, భయం కన్నా సంతోషమే ఎక్కువ వేసింది. తప్పు నాది కాదన్నమాట! మాత్ర వేసుకుంటే 22 పౌండ్లూ వాటంతటవే పోతాయి! నాలుగైదు నెలల్లో ఏడు పౌండ్లు తగ్గాయి. మొహం ఉబ్బు తీసింది, ఉంగరం వేలికి వదులైంది. అక్కడితో ఆగిపోయింది. టి.ఎస్.హెచ్. 2కి వచ్చేసింది, తూకం మాత్రం కదల్లేదు.

ఎందుకో అప్పుడు ఎవరూ విడమరిచి చెప్పలేదు, నేనూ అడగలేదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ రోగుల కోసం రాసిన సమాచారంలో ఈ సంగతి సూటిగానే ఉంది. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగే బరువు మామూలుగా 5 నుంచి 10 పౌండ్లు, అందులోనూ చాలా భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. మాత్ర ఆ భాగాన్ని తీసేస్తుంది. అంటే నా ఏడు పౌండ్లు థైరాయిడ్ లెక్క, అవి పోయాయి. మిగిలిన పదిహేనూ రెండు కాన్పులవి, కూర్చుని చేసే ఉద్యోగానివి, పాల డబ్బాకి కూడా కారెక్కడానివి, శనివారం రాత్రి పదింటికి తినే బిర్యానీవి. వాటికి ఆ మాత్రతో సంబంధం లేదు. ఇది వినడానికి బాగోదు, నాకు తెలుసు. "థైరాయిడ్ అండీ" అని ఒక్క మాటతో నోళ్ళు మూయించే వీలు పోతుంది.

నాకది తెలియకపోవడం వల్ల ఒక వెధవ పని చేశాను. 2019లో మా తమ్ముడి పెళ్ళి. జాకెట్లు కుట్టించుకోవాలి, ఫొటోలు దిగాలి. నాకు రాసింది 75 మైక్రోగ్రాములు. అమ్మ అంతకు ముందెప్పుడో పంపిన సీసా అలమరలో ఉంది. ఎవరికీ చెప్పకుండా రోజూ ఇక్కడిదొకటి, అక్కడిదొకటి వేసుకోవడం మొదలుపెట్టాను. గ్రంథి మందకొడిగా ఉంటే బరువు పెరిగింది కదా, హుషారుగా ఉంటే తగ్గదా అని నా లెక్క. ఏడు వారాల్లో నాలుగు పౌండ్లు తగ్గాను. చేతులు వణికేవి. చిన్నదానికీ పిల్లల మీద అరిచేదాన్ని. ఒకరోజు ఆఫీసులో మెట్లెక్కి కుర్చీలో కూలబడితే, కూర్చున్న పావుగంటకి కూడా గుండె నిమిషానికి 120 కొట్టుకుంటోంది. పరీక్ష చేస్తే టి.ఎస్.హెచ్. 0.05. డాక్టరుగారు నన్ను తిట్టలేదు. మందు కాగితం తీసి, దాని పైభాగంలో గీతలు కొట్టి పెట్టిన హెచ్చరిక చదవమన్నారు. ఈ మందు బరువు తగ్గడానికి కాదనీ, ఎక్కువ మోతాదులో ప్రాణం మీదికి తేవచ్చనీ అందులో ఉంది. అన్నేళ్ళుగా ఆ కాగితం మడత విప్పకుండా చెత్తబుట్టలో వేస్తున్నాను. ఇలా చాన్నాళ్ళు సాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి, తగ్గేదాంట్లో కండ కూడా పోతుంది అని చెప్పారు. మానేశాక ఆ నాలుగు పౌండ్లకి ఇంకొకటి చేర్చుకుని వెనక్కి వచ్చాయి. పెళ్ళి ఫొటోల్లో నా కళ్ళకింద నలుపు చూసి అందరూ ప్రయాణం బడలిక అనుకున్నారు.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ పార్టీల్లో "ఈ బరువు తగ్గట్లేదు, నా డోసు ఇంకొంచెం పెంచమని అడుగుతా" అనే మాట వింటూనే ఉన్నాను, కాబట్టి రాస్తున్నాను.

ఆ తర్వాత చేసింది చెప్పుకోదగ్గ వింతేం కాదు. మా ఊరి మధ్యలోంచి డబ్ల్యు అండ్ ఓ డి ట్రెయిల్ వెళ్తుంది. 1968లో మూతపడ్డ రైలుమార్గం మీద వేసిన 45 మైళ్ళ బాట. పాత స్టేషన్, దాని దగ్గర ఎర్ర కబూస్ పెట్టె, అక్కణ్ణుంచి రెస్టన్ వైపు మైలున్నర వెళ్ళి వెనక్కి రావడం. మొదట్లో వారానికి మూడు రోజులు, తర్వాత ఐదు. పక్కవీధి వదిన తోడు, ఆవిడకీ థైరాయిడే, కాబట్టి నడుస్తూ నీరసం గురించి ఒకరికొకరు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఇంట్లోనే ఐదు పౌండ్ల బరువులెత్తడం. పళ్ళెంలో అన్నం ఉన్న చోట సగం కూర, పప్పు గట్టిగా, రాత్రి తిండి ఏడున్నరకే. క్యాబేజీ, కాలీఫ్లవర్ తినకూడదని ఎవరో భయపెట్టారు కానీ వండుకుని మామూలుగా తింటే ఏమీ కాదు, నేను తింటున్నాను. ఏడాదిన్నరలో తొమ్మిది పౌండ్లు తగ్గాయి. ఇంకా ఏడు ఉన్నాయి. మా అమ్మ విమానాశ్రయంలో చూసింది వాటినే.

ఇప్పుడు వారానికోసారి పొడుచుకునే ఇంజెక్షన్ల గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. వాటి మీద థైరాయిడ్ క్యాన్సర్ హెచ్చరిక ఉంది కాబట్టి థైరాయిడ్ ఉన్నవాళ్ళు వాడకూడదని ఒక ప్రచారం. ఆ హెచ్చరిక మెడ్యులరీ అనే అరుదైన క్యాన్సర్ గురించి, అది తమకో ఇంట్లోవాళ్ళకో ఉన్నవాళ్ళకి. మందకొడి థైరాయిడ్ వేరే సంగతి. వాడాలా వద్దా అన్నది మీ డాక్టరుతో తేల్చుకోవాల్సిందే కానీ వాడేటప్పుడు మీ థైరాయిడ్ మందు సంగతి తప్పక చెప్పండి. బరువు బాగా తగ్గితే ఆ మోతాదూ మార్చాల్సి రావచ్చు. అశ్వగంధ గోళీలు వేసుకునేవాళ్ళు కూడా ఆ మాట దాచకండి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పు చూపిస్తుంది.

మళ్ళీ అమ్మ దగ్గరికి వద్దాం. వచ్చిన మర్నాడు, నిద్ర పట్టక తెల్లవారుజామున నాలుగింటికే లేచి, కాఫీ కలుపుకుని, ఆ కాఫీతోనే థైరాయిడ్ మాత్ర మింగింది. వెంటనే ఎముకల కోసం ఇచ్చిన క్యాల్షియం బిళ్ళ.

"రోజూ ఇలాగేనా అమ్మా?"

"పదేళ్ళ నుంచీ ఇలాగే. ఏం?"

ఆవిడ రిపోర్టుల ఫైలు తీసి చూశాను. 75 నుంచి 88కి, 88 నుంచి 100కి మోతాదు పెంచుతూ వచ్చారు. అయినా టి.ఎస్.హెచ్. ఏడూ ఎనిమిదీ కింద ఎప్పుడూ లేదు. మందు తప్పు కాదు, డాక్టరు తప్పూ కాదు. ఎలా మింగుతున్నావని ఎవరూ అడగలేదు, ఈవిడా చెప్పలేదు. ఈ మాత్రని ఖాళీ కడుపుతో మంచినీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంటదాకా కాఫీ కూడా తాగకూడదు. క్యాల్షియానికీ, ఐరన్‌కీ అయితే నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే మందు పేగుల్లోంచి ఒంట్లోకి సరిగా ఎక్కదు.

"లేచిన గంటదాకా కాఫీ లేకుండానా? దానికన్నా జబ్బే నయం" అంది. ఆ వయసులో అలవాటు మార్చమనడం అన్యాయమే. ఇంకో దారి ఉంది. చివరి తిండి తిన్న మూడు గంటల తర్వాత, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. తెనాలిలో ఆవిడ డాక్టరుకి వాట్సాప్‌లో కాల్ చేసి అడిగాం. అలాగే మార్చమన్నారు. ఇప్పుడు మందు బాగా ఎక్కుతుంది కాబట్టి 100 ఎక్కువైపోవచ్చు, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పరీక్ష చేయించమన్నారు. క్యాల్షియం మధ్యాహ్నం భోజనానికి మారింది.

"జీవితాంతం ఇదేనా?" అని అడిగింది ఒక రాత్రి మాత్ర చేతిలో పట్టుకుని. పదేళ్ళుగా వేసుకుంటూ ఇప్పుడు అడుగుతోంది. 1891లో ఇంగ్లండులో మర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ పిండిన రసం ఒకావిడకి మొదటిసారి ఇచ్చాడని, ఆవిడ ఆ మందు మీదే ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు బతికిందని చెప్పాను. "గొర్రెదా!" అని మాత్రని అటూ ఇటూ తిప్పి చూసింది. మనది ఫ్యాక్టరీలో తయారైందేనని నమ్మించడానికి ఇంకో పావుగంట పట్టింది. రోజూ సాయంత్రం నాతోపాటు కబూస్ దాకా వచ్చి అక్కడ బెంచీ మీద కూర్చునేది. నేనూ వదినా రెస్టన్ వైపు వెళ్ళొచ్చేసరికి కుక్కల్ని తిప్పుకునేవాళ్ళతో స్నేహాలు కలుపుకుని ఉండేది.

నాకోసం తెచ్చిన మూడు సీసాలూ తిప్పి పంపించేశాను. నాకు ఇక్కడి ఫార్మసీలో నెలనెలా ఒకే కంపెనీది ఇస్తున్నారు, రెండు రకాలు కలిపితే ఏది ఎంత పడుతోందో తెలియదు. పైగా అలమరలో ఉంటే పెళ్ళిళ్ళు గుర్తొస్తాయి. అమ్మ నవంబరులో వెళ్ళిపోయింది. డిసెంబరు మొదటివారంలో తెనాలి నుంచి వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో వచ్చింది, టి.ఎస్.హెచ్. 1.2. డాక్టరు మోతాదు 88కి తగ్గించారట. కింద అమ్మ గొంతుతో ఒక సందేశం ఉంది. "నీరసం కొంచెం తగ్గిందే. మీ పెద్దత్తయ్యకి కూడా చెప్పాను, అదీ కాఫీతోనే మింగుతోందట. అన్నట్టు నిన్న వీడియోలో చూశాను, ఏమీ తగ్గలేదు నువ్వు."