మట్టే కదా!

కోటంటే మనవాళ్ళకు రాతిగోడే ఉండాలి! రామగిరి ఎక్కొచ్చి మురిసిపోతారు గాని, ధూళికట్ట పేరెత్తితే "ఏముందండీ, మట్టిదిబ్బ" అంటారు. ఆ దిబ్బ శాతవాహనుల నాటి మట్టికోట! 1970లలో తవ్వితే ఇటుక కట్టడాలు, నాణేలు, చేరువలోనే ముచలింద నాగుడి శిల్పాలతో బౌద్ధస్తూపం బయటపడ్డాయి. ఆంధ్రులకు 30 కోట పట్టణాలున్నాయని ఎక్కడో రోములో ప్లినీ రాసుకున్నాడు. మనకేమో పాతదిబ్బ కనిపిస్తే పాటిమట్టి పొలానికి బలమని బండ్లకెత్తడమే తెలుసు.

గోదావరిఖనిలో బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి గుట్టలకు మొక్కలు నాటి, జారకుండా కాపాడుతున్నాం. మంచిదే. మరి రెండువేల ఏళ్ళ మట్టి ఏం పాపం చేసింది? రైతును ఆడిపోసుకుని లాభం లేదు. హద్దురాళ్ళు పాతి, పోయే పొలానికి వెలకట్టి ఇవ్వాల్సింది సర్కారే. రాతికోట కూలితే రాళ్ళన్నా మిగులుతాయి. మట్టికోట చేనులో కలిసిపోతే సాక్ష్యానికి గడ్డయినా మిగలదు.